జీపీఏ ఒక్కటే చాలదు: ఆలోచన స్పష్టంగా ఉన్నప్పుడే వ్యాపార యజమాని చేసుకోవలసిన చట్టపరమైన ఏర్పాట్లు

జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మన తరఫున వ్యవహరించే అధికారాన్ని మరొకరికి ఇచ్చే పత్రం) రాసిచ్చాం కనుక తాము మంచాన పడినా వ్యాపారం ఆగదని నమ్మే యజమానులు మన పట్టణాల్లో చాలామంది ఉన్నారు. పెద్ద కొడుకు పేరనో, తమ్ముడి పేరనో, ఏళ్ల తరబడి నమ్మకంగా ఉన్న గుమాస్తా పేరనో జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాయించి, బీరువాలో భద్రపరచి, ఆ విషయం అంతటితో తీరిపోయిందనుకుంటారు. యజమాని విదేశాలకు వెళ్లినప్పుడూ, కాలు విరిగి ఇంటికే పరిమితమైనప్పుడూ ఆ పత్రం నిజంగానే ఉపయోగపడుతుంది. కానీ పక్షవాతంతో మాటా ఆలోచనా రెండూ దెబ్బతిన్నప్పుడు, తలకు గాయమై కోమాలోకి వెళ్లినప్పుడు, డిమెన్షియా ముదిరి తన లెక్కలు తనకే అర్థం కానప్పుడు, అంటే ఆ పత్రం ఎందుకోసం రాశారో సరిగ్గా ఆ అవసరం వచ్చినప్పుడే, చట్టం దృష్టిలో దాని ప్రాణం పోతుంది.

దీనికి కారణం 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని సెక్షన్ 201. అధికారం ఇచ్చిన వ్యక్తి మరణించినా, మతిస్థిమితం కోల్పోయినా ఏజెన్సీ, అంటే ఒకరి తరఫున మరొకరు వ్యవహరించే ఏర్పాటు, రద్దవుతుందని ఆ సెక్షన్ చెబుతుంది. ఏజెంటుకు సొంత అధికారం ఉండదు, యజమానికి ఉన్న అధికారాన్నే అతను వాడతాడు. యజమాని తానే ఒప్పందం చేసుకోలేని స్థితికి చేరితే ఏజెంటు చేతిలోనూ ఏమీ మిగలదు. ‘నాకు మతిస్థిమితం పోయినా ఈ జీపీఏ కొనసాగుతుంది’ అని అందులో ఒక వాక్యం చేర్పించుకున్నవారిని నేను చూశాను. ఆ వాక్యం మీద ఆధారపడవద్దని స్పష్టంగా చెబుతున్నాను. అమెరికాలో డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ, ఇంగ్లండులో 2005 నాటి మెంటల్ కెపాసిటీ చట్టం కింద లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ ఉన్నాయి. అవి యజమాని సామర్థ్యం పోయాక కూడా నిలుస్తాయి. డల్లాస్‌లోనో లండన్‌లోనో ఉన్న పిల్లలు అక్కడి పద్ధతి చూసి, అటువంటిదే ఒకటి రాయించమని గుంటూరులోనో వరంగల్‌లోనో ఉన్న తల్లిదండ్రులకు చెప్పడం సహజమే. అయితే అలాంటి పత్రానికి గుర్తింపునిచ్చే చట్టం భారతదేశంలో లేదు.

1882 నాటి పవర్స్ ఆఫ్ అటార్నీ చట్టం కొంత రక్షణ ఇస్తుందని కొందరు వాదిస్తారు. యజమాని పరిస్థితి తెలియక మంచి మనసుతో చెల్లింపులు చేసిన ఏజెంటును ఆ చట్టం కాపాడుతుంది. తండ్రి ఐసీయూలో ఉన్నాడని తెలిసిన కొడుకుకు ఆ రక్షణ వర్తించదు, ఆ సంగతి తెలిసిన బ్యాంకు మేనేజరూ ఆ పత్రాన్ని ఒప్పుకోడు.

మరణానికీ ఈ స్థితికీ ఉన్న తేడాను కూడా ముందే గ్రహించాలి. యజమాని మరణిస్తే వీలునామా అమలులోకి వస్తుంది, నామినీకి డబ్బు అందుతుంది, వారసులు ముందుకు వస్తారు. యజమాని బ్రతికి ఉండి సంతకం చేయలేని స్థితిలో ఉంటే వీలునామాకు ఇంకా బలం రాదు, నామినేషన్ కదలదు, వారసులకు ఏ హక్కూ పుట్టదు. ఆస్తి అంతా ఆయనదే, కానీ దానిని కదిలించగల చెయ్యి ఒక్కటీ ఉండదు. వీలునామా రాశాను కనుక నిశ్చింతగా ఉన్నానని చెప్పే యజమాని ఈ మధ్యకాలాన్ని లెక్కలోకి తీసుకోలేదన్నమాట. డిమెన్షియాలో ఆ మధ్యకాలం ఏళ్ల పాటు సాగవచ్చు.

కనుక ఈ ఏర్పాట్లకంతటికీ ఆధారంగా ఉండవలసిన సూత్రం ఒక్కటే. మీ తరఫున సంతకం చేసే మనిషిని తయారుచేసుకోవడం చాలదు. తన సొంత హోదాలో సంతకం చేయగల స్థానాన్ని మరొకరికి మీరు సమర్థులుగా ఉన్నప్పుడే ఇవ్వాలి. భాగస్వామిగా, డైరెక్టరుగా, ట్రస్టీగా ఉన్న వ్యక్తి తన హక్కుతో పనిచేస్తాడు, మీ ఆరోగ్యంతో పాటు ఆ హక్కు పోదు.

మీ వ్యాపారం ఏ రూపంలో ఉంది?

అన్నిటికంటె ప్రమాదంలో ఉన్నది సొంత యాజమాన్యంలోని వ్యాపారం, అంటే ప్రొప్రైటర్‌షిప్. కిరాణా హోల్‌సేల్, మందుల దుకాణం, ఎరువుల డీలర్‌షిప్, చేపల మేత ఏజెన్సీ వంటివాటిలో చాలా భాగం ఈ రూపంలోనే నడుస్తాయి. ఇందులో వ్యాపారానికీ యజమానికీ మధ్య చట్టపరంగా తేడా లేదు. పాన్ ఆయనది, జీఎస్టీ నంబరు ఆ పాన్‌కు కట్టి ఉంటుంది, కరెంట్ ఖాతా ఆయనది, క్యాష్ క్రెడిట్ అప్పు ఆయనది, లైసెన్సు ఆయన పేరు మీద ఉంటుంది. భీమవరంలో ఒక మేత డీలరు ఉన్నాడనుకుందాం. రైతుల దగ్గర పంట చేతికి వచ్చే వరకు బాకీలు నిలిచి ఉంటాయి, కంపెనీకి ఆయన చెక్కులు ఇచ్చి ఉంటాడు. ఒక తెల్లవారుజామున ఆయనకు పక్షవాతం వస్తుంది. వారం తిరిగేసరికి కంపెనీ చెక్కులు బ్యాంకుకు వస్తాయి, ఖాతాలో డబ్బు వేయడానికి ఎవరికైనా వీలుంటుంది గాని, అక్కడి నుంచి తీసి మరొకరికి చెల్లించే అధికారం ఇంట్లో ఎవరికీ ఉండదు. నెల తిరిగేసరికి జీఎస్టీ రిటర్ను గడువు వస్తుంది, ఓటీపీ ఆయన ఫోనుకే వెళుతుంది. ఏడాది తిరిగేసరికి క్యాష్ క్రెడిట్ పరిమితిని పునరుద్ధరించే కాగితాల మీద ఆయన సంతకమే కావాలి.

ఈ చిక్కుకు నికరమైన పరిష్కారం రూపం మార్చడమే. భార్యనో, కొడుకునో, కూతురినో భాగస్వామిగా చేర్చుకుని భాగస్వామ్య సంస్థగా మార్చవచ్చు, లేదా కంపెనీగా మార్చవచ్చు. మారినప్పుడు కొత్త పాన్, కొత్త జీఎస్టీ నమోదు అవసరమవుతాయి. పాత నమోదులో మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్‌ను (కొనుగోళ్ల మీద ముందే కట్టిన పన్నును) ఐటీసీ-02 ఫారం ద్వారా కొత్త సంస్థకు మార్చుకోవచ్చు. ఎరువులు, మందులు, ఆహార పదార్థాల లైసెన్సులు వాటంతట అవి బదిలీ కావు, ఒక్కొక్క శాఖలో విడిగా దరఖాస్తు చేయాలి. ఇది కొన్ని నెలలు పట్టే పని, పైగా ప్రతి దశలోనూ యజమాని సంతకం అవసరమైన పని. అందుకే వాయిదా వేయవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఏకవ్యక్తి కంపెనీ అనే రూపాన్ని మన వ్యాపారులు అంతగా పట్టించుకోరు గాని, ఈ సమస్య దృష్ట్యా అది ప్రత్యేకమైనది. 2013 నాటి కంపెనీల చట్టం సెక్షన్ 3 ప్రకారం, ఏకవ్యక్తి కంపెనీ స్థాపించేటప్పుడే మరొక వ్యక్తి పేరును అతని రాతపూర్వక సమ్మతితో కంపెనీ స్థాపన పత్రమైన మెమొరాండంలో పేర్కొనాలి. సభ్యుడు మరణిస్తేనే కాదు, ఒప్పందం చేసుకునే సామర్థ్యాన్ని కోల్పోయినా ఆ వ్యక్తి సభ్యుడవుతాడు. మన వ్యాపార చట్టాల్లో యజమాని బ్రతికి ఉండగా సామర్థ్యం పోయే పరిస్థితిని ఇంత నేరుగా ఊహించి రాసిన నియమం అరుదు. అయితే ఆ సామర్థ్యం పోయిందని ఎవరు, ఏ ఆధారంతో నిర్ధారించాలో ఆర్టికల్స్‌లో (కంపెనీ అంతర్గత నియమావళిలో) మీరే స్పష్టంగా రాయించుకోవాలి.

ఇక భాగస్వామ్య సంస్థల విషయానికి వద్దాం. మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గర నుంచి గుంటూరు మిర్చి యార్డు కమీషన్ దుకాణాల వరకు అన్నదమ్ములో, బావమరుదులో, స్నేహితులో కలిసి నడిపే సంస్థలకు 1932 నాటి భాగస్వామ్య చట్టం వర్తిస్తుంది. ఒక భాగస్వామి మతిస్థిమితం కోల్పోయినంత మాత్రాన సంస్థ రద్దు కాదు. ఆ కారణంతో సంస్థను రద్దు చేయమని కోర్టును కోరే అవకాశాన్ని సెక్షన్ 44 ఇస్తుంది, ఆ దావాను మిగిలిన భాగస్వాములూ వేయవచ్చు, అనారోగ్యంతో ఉన్న భాగస్వామి తరఫున అతని హితుడూ వేయవచ్చు. మిగిలినవారు సంస్థను నడుపుతూ ఉండగలరు గాని, అనారోగ్యంతో ఉన్న వ్యక్తి వాటా, లాభం, బాధ్యత అన్నీ గాలిలో వేలాడుతూ ఉంటాయి. ఒకవైపు మిల్లు నడిపే అన్నకు తానొక్కడే కష్టపడుతున్నానన్న బాధ, మరొకవైపు తమ్ముడి భార్యకు లెక్కలు చూపడం లేదన్న అనుమానం. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాకపోయినా కుటుంబాలు విడిపోయేది ఇక్కడే.

దీనికి మందు పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లోనే ఉంది. సెక్షన్ 32 ప్రకారం భాగస్వాముల మధ్య ఉన్న స్పష్టమైన ఒప్పందాన్ని అనుసరించి ఒక భాగస్వామి విరమించవచ్చు. కాబట్టి నిర్ణీత పద్ధతిలో అసమర్థత నిర్ధారణ అయిన నాటి నుంచి ఆ భాగస్వామి విరమించినట్లు పరిగణించాలని, అతని వాటా విలువను ఫలానా పద్ధతిలో లెక్కించి ఇన్ని వాయిదాల్లో చెల్లించాలని, అతను ముందే సూచించిన వ్యక్తిని కోరుకుంటే కొత్త భాగస్వామిగా చేర్చుకోవాలని డీడ్‌లో రాసుకోవచ్చు. ఇద్దరే భాగస్వాములున్న సంస్థలో ఒకరు విరమిస్తే సంస్థే మిగలదు. అందువల్ల మూడవ వ్యక్తిని, చిన్న వాటాతోనైనా, ఇప్పుడే చేర్చుకోవడం మంచిది. విరమణ జరిగాక రిజిస్ట్రారుకు తెలియజేసి, అధికారిక గెజెట్‌లోనూ జిల్లాలో చదివే ఒక స్థానిక భాషా పత్రికలోనూ బహిరంగ ప్రకటన ఇవ్వాలి. ఆ ప్రకటన వెలువడే వరకు సంస్థ చేసే అప్పులకు విరమించిన వ్యక్తి కూడా బయటివారికి బాధ్యుడిగానే ఉంటాడు.

ఎల్ఎల్‌పీలో, అంటే పరిమిత బాధ్యత గల భాగస్వామ్య సంస్థలో, పరిస్థితి కొంత వేరు. 2008 నాటి చట్టం ప్రకారం సమర్థమైన కోర్టు మతిస్థిమితం లేదని ప్రకటించినప్పుడు భాగస్వామి స్థానం పోతుంది. కోర్టు ప్రకటన లేనంత కాలం, ఆయన ఏమీ అర్థం చేసుకోలేకపోయినా, కాగితం మీద భాగస్వామే. ఈ ఖాళీని ఎల్ఎల్‌పీ ఒప్పందమే పూరించాలి. భాగస్వాముల సంఖ్య ఇద్దరికంటె తగ్గి ఆరు నెలలు దాటితే మిగిలిన ఒక్కరు ఆ తరువాతి అప్పులకు సొంతంగా బాధ్యులవుతారన్న సంగతినీ మరువరాదు.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి ఒక గొప్ప బలం ఉంది. కంపెనీ ఇచ్చిన అధికారం కంపెనీది, డైరెక్టరుది కాదు. బోర్డు తీర్మానం ద్వారా బ్యాంకులో సంతకం చేసే అధికారం పొందిన కూతురు, తండ్రి కోమాలో ఉన్నా ఆ మర్నాడు కూడా సంతకం చేయగలదు, ఎందుకంటే ఆమెకు అధికారం ఇచ్చిన కంపెనీకి ఆ జబ్బు రాలేదు. కానీ మన దగ్గర చాలా కంపెనీల్లో భార్యాభర్తలిద్దరే డైరెక్టర్లు, ఇద్దరే వాటాదారులు, అందులోనూ తొంభై శాతం వాటాలు ఒకరి పేరు మీదే. బోర్డు సమావేశానికి కనీసం ఇద్దరు డైరెక్టర్లు కావాలి. ప్రైవేట్ కంపెనీ సర్వసభ్య సమావేశానికి కనీసం ఇద్దరు సభ్యులు స్వయంగా హాజరు కావాలి. భర్త మంచాన పడితే భార్య ఒక్కతే బోర్డు తీర్మానమూ చేయలేదు, సభ్యుల సమావేశమూ నడపలేదు. కోర్టు మతిస్థిమితం లేదని ప్రకటిస్తే తప్ప కంపెనీల చట్టం సెక్షన్ 164, 167ల కింద ఆ కారణంతో ఆయన డైరెక్టరు పదవి ఖాళీ కాదు కనుక, ఖాళీని భర్తీ చేసే దారి కూడా ఆమెకు తెరుచుకోదు. మూడవ డైరెక్టరును, మూడవ వాటాదారుణ్ణి ఇప్పుడే చేర్చుకుంటే ఈ ప్రతిష్టంభనలో చాలా భాగం పుట్టదు. ఇంత తేలికైన జాగ్రత్తను తీసుకోని కంపెనీలను చూసినప్పుడల్లా నాకు నిజంగా బాధ కలుగుతుంది.

హిందూ ఉమ్మడి కుటుంబ వ్యాపారమైతే కర్త, అంటే కుటుంబ ఆస్తిని నిర్వహించే పెద్ద, అసమర్థుడైనప్పుడు తరువాతి పెద్ద సహవారసులు నిర్వహణ చేపట్టగలరు. దేశమంతటా 2005లో వచ్చిన సవరణకు దాదాపు రెండు దశాబ్దాల ముందే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూతుళ్లకు సహవారసత్వం కల్పించిందన్నది మనం గుర్తుంచుకోదగిన విషయం. పెద్ద కూతురు ఉన్న ఇంట్లో తరువాతి కర్త ఎవరన్నది ముందే అందరూ కూర్చుని మాట్లాడుకుని, దానిని రాసి పెట్టుకోవాలి.

అసమర్థత షరతును ఎలా రాయించాలి

ఏ రూపమైనా, డీడ్‌లోనో ఆర్టికల్స్‌లోనో అసమర్థతకు నిర్వచనం ఉండాలి. ‘మతిస్థిమితం లేనప్పుడు’ అని మాత్రమే రాస్తే కోర్టు ప్రకటన కోసం ఎదురుచూడవలసి వస్తుంది, పైగా ఆ మాటను ఇంట్లో పెద్దమనిషికి అంటగట్టడానికి ఎవరి మనసూ ఒప్పదు. దానికి బదులు, వ్యాపార నిర్ణయాలను అర్థం చేసుకుని, వాటి మంచి చెడ్డలు తూచి, తన నిర్ణయాన్ని తెలియజేయలేని స్థితి అని వర్ణించండి. ఇద్దరు వైద్యులు, వారిలో ఒకరు న్యూరాలజిస్టు లేదా సైకియాట్రిస్టు, రాతపూర్వకంగా ధ్రువీకరించాలని చేర్చండి. ఆ వైద్యులకు కుటుంబంతో గాని సంస్థతో గాని సంబంధం ఉండకూడదు. పరీక్షకు మీరు ముందే సమ్మతిస్తున్నట్లు, వైద్య వివరాలను ఫలానా వ్యక్తులకు మాత్రమే చూపవచ్చునని కూడా రాయండి, ఎందుకంటే ఆ రోజు వచ్చేసరికి మీరు సమ్మతి ఇవ్వలేరు. అసమర్థత తొంభై రోజులు కొనసాగితేనే విరమణ అమలులోకి రావాలని, ఈలోగా నిర్వహణ మాత్రమే మరొకరికి అందాలని రెండు అంచెలుగా రాసుకోవడం మరింత న్యాయం. పక్షవాతం నుంచి కోలుకున్న మనిషి తిరిగి వచ్చేసరికి తన కుర్చీ ఉండాలి. కోలుకున్నట్లు అదే పద్ధతిలో ధ్రువీకరణ అయితే తిరిగి చేరే హక్కును తప్పక చేర్చండి.

వాటా విలువను ఎవరు కట్టాలన్నది కూడా ఇక్కడే తేలాలి. మిల్లు భవనం, యంత్రాలు, సరుకు నిల్వ, రావలసిన బాకీలు, సంస్థ మంచి పేరు, వీటిలో ఏవేవి లెక్కలోకి వస్తాయో, ఏ చార్టర్డ్ అకౌంటెంటు మాట తుది మాటో పేర్కొనండి. ఆ డబ్బుకు కీమ్యాన్ బీమా (సంస్థకు కీలకమైన వ్యక్తి మీద సంస్థ తీసుకునే పాలసీ) మీద ఆధారపడదలచుకుంటే పాలసీని క్షుణ్ణంగా చదవండి. మరణానికి మాత్రమే చెల్లించే పాలసీ ఈ అవసరానికి పనికిరాదు.

బ్యాంకు, ఓటీపీ, చెక్కులు

ఇంటి ఖర్చుకూ ఆసుపత్రి ఖర్చుకూ సరిపడే డబ్బు ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ పద్ధతిలో ఉన్న ఉమ్మడి పొదుపు ఖాతాలో ఉంచండి. ఇద్దరిలో ఎవరైనా తీసుకోగల ఖాతా అది. ఫిక్స్‌డ్ డిపాజిట్లను గడువుకు ముందే తీయాలంటే ఇద్దరి సంతకాలూ కావాలా అన్నది మీ శాఖలో అడిగి, రాతపూర్వకంగా తెలుసుకోండి. చెయ్యి వణికి సంతకం కుదరక, మనసు మాత్రం నిక్షేపంగా ఉన్నవారికి వేరే సౌకర్యం ఉంది. బ్యాంకు అధికారి ఒకరితో సహా ఇద్దరు సాక్షుల సమక్షంలో వేలిముద్రతో డబ్బు తీసుకోవచ్చు. దానిని స్పృహ లేని మనిషికి వర్తింపజేయడం నేరానికి దారితీస్తుంది.

జీఎస్టీ పోర్టల్‌లో మరొక అధీకృత సంతకందారును చేర్చండి. సంస్థ కాగితాలకు వాడే ఫోను నంబరును, ఈమెయిలును యజమాని సొంత నంబరు నుంచి విడదీసి, సంస్థకంటూ ఒకటి పెట్టుకోండి. మానసికంగా అసమర్థుడైన వ్యక్తి తరఫున ఆయన సంరక్షకుడు లేదా ఆయన కోసం వ్యవహరించగల వ్యక్తి ఆదాయపు పన్ను రిటర్నును ధ్రువీకరించడానికి చట్టం వీలు కల్పించింది, అందుకు ఆదాయపు పన్ను పోర్టల్‌లో ప్రతినిధిగా నమోదు చేసుకోవాలి.

గుమాస్తా దగ్గర సంతకం చేసిన ఖాళీ చెక్కులు ఉంచే అలవాటు మన వ్యాపారాల్లో బాగా ఉంది. యజమాని ఊళ్లో లేని రెండు రోజులకు అది వెసులుబాటు కావచ్చు. ఆయన స్పృహ కోల్పోయాక ఆ చెక్కులు వాడితే, తరువాత ఏ వారసుడైనా, ఏ అప్పులవాడైనా వాటిని ప్రశ్నించవచ్చు, నమ్మకంగా పనిచేసిన గుమాస్తా ముద్దాయిగా నిలబడవలసి రావచ్చు. అతని మేలు కోరైనా ఆ అలవాటు మానండి.

ఆస్తులు ఎవరి పేరు మీద ఉండాలి

గోదాము, దుకాణం, మిల్లు స్థలం యజమాని పేరు మీదే ఉంటే వాటిని తనఖా పెట్టడం, అద్దెకివ్వడం, అమ్మడం అన్నీ ఆగిపోతాయి. ఆస్తి ఎక్కువగా ఉన్నవారికి 1882 నాటి భారత ట్రస్టుల చట్టం కింద ప్రైవేట్ ట్రస్టు మంచి మార్గం. సమర్థులుగా ఉండగా ఆస్తిని ట్రస్టుకు బదిలీ చేసి, మొదటి ట్రస్టీగా మీరే ఉండి, అసమర్థత నిర్ధారణ అయిన రోజు నుంచి ఫలానావారు ట్రస్టీలవుతారని రాయవచ్చు. స్థిరాస్తి ఉన్న ట్రస్టు డీడ్‌ను తప్పనిసరిగా రిజిస్టరు చేయాలి, స్టాంపు సుంకం గణనీయంగా ఉండవచ్చు, ఆదాయపు పన్ను లెక్కలు ట్రస్టు స్వభావాన్ని బట్టి మారతాయి. ఇది ఆడిటరుతోనూ న్యాయవాదితోనూ కలిపి కూర్చుని చేయవలసిన పని.

చాలా కుటుంబాలు మరింత సులభమైన దారి పట్టి, పిల్లల పేరున సెటిల్‌మెంట్ డీడ్ (బ్రతికి ఉండగానే ఆస్తిని కుటుంబ సభ్యులకు బదిలీ చేసే దస్తావేజు) రాసేస్తాయి. అలా చేసేవారు అరవై ఏళ్లు దాటినవారైతే, తమ పోషణ, వైద్యం చూసుకోవాలన్న షరతును ఆ దస్తావేజులోనే రాయించాలి. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007లోని సెక్షన్ 23 ప్రకారం, ఆ షరతును తప్పిన పిల్లల నుంచి ఆస్తిని వెనక్కి తీసుకునే అవకాశం ఉంటుంది. షరతు నోటి మాటగా మిగిలిపోతే దానిని నిరూపించడం కష్టం. సామర్థ్యం కోల్పోయిన మనిషి తన హక్కు కోసం తాను మాట్లాడలేడు, కాగితమే ఆయన తరఫున మాట్లాడాలి.

సంతకం చేసే రోజు

డిమెన్షియా తొలి దశ అని డాక్టరు చెప్పగానే అంతా అయిపోయిందని నిరుత్సాహపడవద్దు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 12 అడిగేది రోగం పేరు కాదు. ఒప్పందం చేసుకునే సమయానికి దానిని అర్థం చేసుకుని, తన మేలు కీడులపై దాని ప్రభావాన్ని వివేచించగలిగాడా అన్నదే ప్రశ్న. అప్పుడప్పుడు మాత్రమే స్పష్టత ఉండే వ్యక్తి కూడా ఆ స్పష్టమైన వేళలో ఒప్పందం చేసుకోవచ్చు. వీలునామాకూ ఇదే న్యాయం వర్తిస్తుంది. కాబట్టి తొలి దశలో ఉన్నవారు తొందరపడాలి.

అయితే అటువంటి వ్యక్తి రాసిన పత్రంపై తరువాత అనుమానాలు రావడం ఖాయమనుకుని ముందే జాగ్రత్తపడాలి. వయసు, జబ్బు కారణంగా మనోబలం తగ్గిన వ్యక్తితో ఒప్పందం చేసుకున్నవారు, ఆయన ఇష్టాన్ని శాసించగల స్థితిలో ఉన్నట్లు సెక్షన్ 16 భావిస్తుంది. ఒప్పందం ఏకపక్షంగా కనిపిస్తే ఒత్తిడి చేయలేదని నిరూపించుకునే భారం వారిమీదే పడుతుంది. అందుచేత లాభం పొందే కొడుకే న్యాయవాదిని కుదిర్చి, పత్రం రాయించి, తండ్రిని కారులో ఎక్కించుకుని రిజిస్ట్రారు దగ్గరకు తీసుకువెళ్లే పద్ధతి వద్దు. న్యాయవాది యజమానితో ఒంటరిగా మాట్లాడాలి, తెలుగులో చదివి వినిపించాలి, ఆయన తన మాటల్లో తిరిగి చెప్పినది రాసుకోవాలి. అదే రోజు లేదా ముందురోజు డాక్టరు పరీక్షించి ఇచ్చిన ధ్రువపత్రాన్ని జతపరచాలి. ఉదయం పూట ఎక్కువ స్పష్టంగా ఉండేవారికి ఉదయమే సమయం ఖరారు చేయండి. పత్రం చదివి వినిపించడాన్నీ సంతకాన్నీ వీడియో తీసి భద్రపరచండి. కార్యాలయానికి రాలేనివారి ఇంటికి సబ్‌రిజిస్ట్రారు వచ్చి రిజిస్టరు చేసే వీలు రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది, మన రాష్ట్రాల్లో దానిని ప్రైవేట్ అటెండెన్స్ అంటారు. రాసిచ్చే మనిషికి మతిస్థిమితం లేనట్లు కనిపిస్తే రిజిస్ట్రేషన్‌ను నిరాకరించవలసిన బాధ్యత కూడా ఆ అధికారికి ఉంది.

వైద్యానికి సంబంధించిన ముందస్తు ఆదేశాలు వేరు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద రాసే ముందస్తు ఆదేశం, అందులో పేర్కొనే నామినేటెడ్ ప్రతినిధి చికిత్సకు మాత్రమే వర్తిస్తాయి. వాటిని చూపి బ్యాంకు ఖాతా నడపలేరు.

ఏర్పాట్లు లేకుండానే ఆ రోజు వస్తే

1987 నాటి మానసిక ఆరోగ్య చట్టంలో జిల్లా కోర్టు విచారణ జరిపి ఆస్తికి మేనేజరును నియమించే పద్ధతి ఉండేది. 2018 మే 29న అమలులోకి వచ్చిన 2017 నాటి చట్టం దానిని రద్దు చేసింది గాని, ఆస్తి నిర్వహణకు బదులు ఏర్పాటు చేయలేదు. 1890 నాటి సంరక్షకుల చట్టం మైనర్లకే, 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటి స్థితులకే పరిమితం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 14లో పరిమిత సంరక్షణ అనే ఏర్పాటు ఉంది, దానిలో నిర్ణయాలు సంరక్షకుడూ, సంరక్షణలో ఉన్న వ్యక్తీ కలిసి తీసుకోవాలన్నది భావన. కోమా వంటి స్థితుల్లో కుటుంబాలు రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టును ఆశ్రయిస్తున్నాయి. మనకైతే అమరావతిలోనో హైదరాబాదులోనో ఉన్న హైకోర్టులో రిట్ వేయాలి. కేరళ హైకోర్టు 2019లో ఇలాంటి అర్జీలకు మార్గదర్శకాలు రూపొందించింది. ఆస్తులన్నిటి జాబితా ఇవ్వడం, న్యూరాలజిస్టు ఉన్న మెడికల్ బోర్డు ధ్రువీకరణ, తహసీల్దారు స్థాయికి తగ్గని అధికారి విచారణ, నియమితుడైన సంరక్షకుడు ఆరు నెలలకొకసారి నివేదిక దాఖలు చేయడం వాటిలో ఉన్నాయి. అవి మన కోర్టులను కట్టిపడేయకపోయినా, అర్జీని ఆ పద్ధతిలో తయారుచేసుకుంటే వాదనకు బలం చేకూరుతుంది.

ఉత్తర్వు వచ్చే వరకు కుటుంబం ఏం చేయవచ్చు? జీపీఏ ఉన్న ఏజెంటు, తన అధికారం రద్దయినా, తన చేతిలో ఉన్న ఆస్తిని కాపాడటానికి తగిన చర్యలన్నీ తీసుకోవాలని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 209 చెబుతుంది. పాడైపోయే సరుకును కాపాడటం, గోదాముకు తాళం, బీమా ప్రీమియం వంటివి ఈ పరిధిలోకి వస్తాయి. కొత్త అప్పు చేయడం, ఆస్తి అమ్మడం రావు. ఆసుపత్రిలో వేలిముద్ర వేయించి స్టాంపు కాగితం తయారుచేయమని సలహా ఇచ్చేవారు తప్పక ఎదురవుతారు, వారి మాట వినవద్దు. కూలీల జీతాలు, కరెంటు బిల్లు, అద్దె వంటివి కుటుంబ సభ్యులు తమ డబ్బుతో చెల్లించి ప్రతిదానికీ రసీదు తీసుకోవాలి. రావలసిన బాకీలను నగదుగా కాకుండా యజమాని ఖాతాలోకే జమ చేయించాలి. ఆసుపత్రిలో చేర్చిన రోజు నుంచే ఒక కొత్త లెక్కల పుస్తకం తెరిచి, తేదీవారీగా ఎవరు ఎంత పెట్టారో, ఎక్కడి నుంచి ఎంత వచ్చిందో, ఏ నిర్ణయం ఎవరు తీసుకున్నారో రాస్తూ ఉండాలి. అర్జీకి జతపరచడానికీ, సంరక్షకుడిగా నియమితులైన తరువాత మొదటి నివేదిక రాయడానికీ, తోడబుట్టినవారు అడిగినప్పుడు చూపడానికీ ఆ పుస్తకమే ఆధారం.